పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకున్న బండి

2003 జూన్ 14, శనివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా క్లినిక్ ముందుగదిలో నా బల్ల మీద ఒక పెద్ద అట్టపెట్టె దిగింది. దించిన కుర్రవాడు ఎడమ దవడ పట్టుకుని, "సారీ మేడం, బైక్ మీద వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారు. సార్ చూసేదాకా ఇక్కడ ఉంచుతా" అన్నాడు. పెట్టె మీద ఏనుగు కాళ్ళలాంటి చక్రాలున్న బండి బొమ్మ ఉంది. పిల్లల సామాను అనుకుని పక్కకు జరిపాను. అంతా ఆ పెట్టెతోనే మొదలైంది.

పోయిన వారం మా డాక్టరు తమ్ముడి తెల్లకోట్లు చింపి తుడుపుగుడ్డలు చేస్తున్నాను. వాడు పోయి ఏడు నెలలయింది. గుడ్డ గట్టిది, పారెయ్యడానికి మనసొప్పలేదు. మూడో కోటు కుడిజేబు మూల కుట్టులో ఏదో గట్టిగా తగిలింది. విప్పి చూస్తే మినపగింజలో సగం కూడా లేని ఉక్కు వంకీ. ఆరేళ్ళ క్రితం దానికోసం మేమిద్దరం నేల మీద పాకాం. కత్తెర పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

వాడి పేరు రాయను. బోర్డు మీద తప్ప మరెక్కడా తన పేరు కనబడటం వాడికి ఇష్టం ఉండేది కాదు. ఆ బోర్డును కూడా చివరికి వాడే దించాడు. మా వీధిలో అందరికీ వాడు డాక్టరప్ప. మా తాత హిందూపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి, హోసూరు రోడ్డుకు కాస్త లోపల ఇల్లు కట్టాడు. ఆ ఇంటి ముందు రెండు గదులే క్లినిక్. మొదట్లో వీధివాళ్ళు, ఆనేకల్ నుంచి బస్సెక్కి వచ్చే మగ్గాలవాళ్ళు వచ్చేవారు. తర్వాత తర్వాత ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే పిల్లలు మెడలో గుర్తింపు కార్డులతో వచ్చేవారు. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాక, అప్పటికే భార్యను పోగొట్టుకున్న తమ్ముడి ఇంట్లోనే ఉంటూ, ముందుగదిలో కూర్చుని వంతులు పిలిచేదాన్ని.

నొప్పి ఉండదని వాడు ఎవరికీ చెప్పింది లేదు. "నొప్పి ఉంటాదప్పా. నేను చెప్పినప్పుడు ఉంటాది. చెప్పకుండా మాత్రం రాదు" అనేవాడు. తెలుగువాడైనా కన్నడంవాడైనా ఇదే మాట, అదే గొంతు. ఏడుస్తూ వచ్చినవాళ్ళు కూడా ఆ మాట విని నోరు తెరిచేవారు.

ఏ వస్తువునూ చేతి నుంచి చేతికి ఇచ్చేవాడు కాదు, తీసుకునేవాడూ కాదు. పళ్ళెంలో పెట్టాలి, అవతలివాళ్ళు పళ్ళెంలోంచి తీసుకోవాలి. సూదులూ కొక్కేలూ వాడే పనిలో వచ్చిన అలవాటు, ఇంట్లోకీ పాకింది. ఉప్పు అడిగితే గిన్నెను బల్ల మీద ముందుకు తోసేవాడు. పెళ్ళిలో మామగారికి తాంబూలం కూడా అట్లాగే తోశాడని మా అమ్మ చివరిదాకా చెప్పి నవ్వేది.

ఇంకొకటి, ఆ ఉంగరం వేలు. నోట్లో పని చేసేటప్పుడు ఆ వేలిని పక్క పన్ను మీద ఆనిస్తే చెయ్యి కదలదట. ఆ ఆనిక లేకుండా వాడు ఏ పనీ చెయ్యలేడు. ఉత్తరం రాసినా, మామిడికాయ చెక్కు తీసినా, దేవుడి దీపంలో వత్తి సర్దినా, ఉంగరం వేలు దేన్నో ఒకదాన్ని ఆనుకుని ఉండేది.

పెట్టె వచ్చిన ఏడు మార్చిలో వాడి చేతిలో కాఫీ లోటా కింది డబరా గిన్నెకు తగిలి గలగలమంది. ఏదో ఆలోచనలో ఉన్నాడనుకున్నాను. వారం తర్వాత మళ్ళీ విన్నాను. మూడోసారి వాడే "అక్కా, డబరా వద్దు, లోటా ఒకటే ఇయ్యి" అన్నాడు. వాడికి తెలుసునని అప్పుడు నాకు తెలిసింది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. అప్పటినుంచి ముందుగదిలో కూర్చుని నేను చెవులతో బతికాను. లోపల పళ్ళెంలో పనిముట్టు పెట్టిన చప్పుడు ఒక్కటే వినబడితే ఊపిరి తీసుకునేదాన్ని. రెండు మూడు చిన్న చప్పుళ్ళు వరసగా వస్తే, పిలవాల్సిన పేరు మరిచిపోయేదాన్ని. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వణికేది, పనిలో పడితే ఆగేది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆగనిరోజు ఎవరి నోట్లో ఉంటుంది?

పెట్టె తెచ్చిన కుర్రవాడిది గుంటూరు వైపు, ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడి ఎక్స్‌రేను తమ్ముడు కిటికీ వెలుగులో పట్టుకుని చూపించడం తలుపు సందులోంచి కనబడింది. ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"చూడప్పా, నీ జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉండాది. ఈ రెండు తెల్ల గీతల నడుమ పోయేది నరం. పన్ను వేరు దాని మీదనే కూర్చుండాది. తీసేటప్పుడు నరానికి తగిల్తే కింది పెదవి తిమ్మిరెక్కి అట్లే ఉండిపోతాది. నెలకు పోవచ్చు, పోకనూ పోవచ్చు."

"అంటే పర్మనెంట్‌గానా సార్?"

"ఉండొచ్చు. నీళ్ళు తాగితే కారేది కూడా తెలీదు."

కుర్రవాడు వేలితో కింది పెదవి తడుముకున్నాడు. తర్వాత, "మీరు చేస్తానంటే ఓకే సార్. మా టీమ్‌లో నలుగురికి మీరే తీశారు. వేరేవాళ్ళ దగ్గరికైతే నేను వెళ్ళను. ఇప్పుడు రిలీజ్ టైం, ఒక నెల ఆగొచ్చా?" అన్నాడు.

మందులు రాసి, జూలై 23, బుధవారం, పదకొండు గంటలకు రమ్మన్నాడు తమ్ముడు. తర్వాత పెట్టెలో ఏముందని అడిగాడు.

కుర్రవాడి నొప్పి ఎక్కడికి పోయిందో! సింగపూర్‌కు ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు కొన్నాడట. రిమోట్‌తో నడిచే మాన్‌స్టర్ ట్రక్కు, లోపల నిజమైన చిన్న ఇంజను. "కానీ రివర్స్ లేదు సార్. గోడకి గుద్దుకుంటే నేనే నడుచుకుంటూ వెళ్ళి, వంగి, తిప్పి పెట్టి రావాలి. ఆడుతున్నది నేనో అదో తెలీదు. రివర్స్ గేర్ కిట్ కూడా కొన్నా. ఇందాక సిటీలో ఒక షాపాయన విప్పి చూసి, మూత పెట్టి, దండం పెట్టాడు."

"ఈడ పెట్టి పో" అన్నాడు మా తమ్ముడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను అడిగాను. "ఏంటికప్పా నీకీ ఆట? ఉన్న పనికే సాయంత్రానికి వాలిపోతా ఉండావు."

"ఆట కాదక్కా." కుడిచెయ్యి తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు. అట్లా చూపించడం అదే మొదటిసారి. బొటనవేలూ చూపుడువేలూ విభూతి నలుపుతున్నట్టు వాటంతట అవే కదులుతున్నాయి. "మార్చి నుంచి నువ్వు చూస్తానే ఉండావు. నేనూ నిన్ను చూస్తానే ఉండాను. ఆ బండి లోపల పని, నోట్లో పని మాదిరే. ఇరుకు, చీకటి, జారుడు. దానికి రివర్సు పెట్టగలిగితే ఆ పిల్లోని పన్ను నేనే తీస్తా. కాకుంటే వేరే డాక్టరు దగ్గరికి పంపి, బోర్డు దించేస్తా."

"ముందు డాక్టరుకు చూపించుకోరాదా?"

"నేను డాక్టర్నే కదా."

"పండ్ల డాక్టరువి."

"చూపిస్తాలే. ముందు ఇది. నేను పని చేసినంతసేపూ నువ్వు పక్కన కూర్చోవాల."

"నాకేం తెలుసురా బండ్ల సంగతి?"

"తెలీనక్కర లేదు. సుమ్నె, ఊరికే కూర్చో."

నేను సగం తిన్న కంచం తీసుకుని లేచాను. వాడికి క్లినిక్ లేకపోతే పొద్దున లేచి ఎటు పోతాడు? క్లినిక్ ఉంటే, ఆ పిల్లవాడి పెదవి ఏమవుతుంది? రెండు ప్రశ్నల్లో ఏది పైకి వచ్చినా రెండోది కింద నుంచి పొడిచేది.

ఒంటిగంటకు క్లినిక్ మూసి నాలుగింటికి తెరిచేవాళ్ళం. ఆ నడుమ బండిని పేషెంటు కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టేవాడు. తల ఆన్చేచోట ముందు చక్రాలు, నడుం దగ్గర గేరుపెట్టె. పైనుంచి దీపం. చేతిలో చిన్న అద్దం, కొక్కెం. ఉంగరం వేలు టైరు మీద ఆనించి, లోపలికి చూస్తూ అలవాటుగా "పెద్దగా తెరువు" అన్నాడొకసారి. ఇద్దరం నవ్వాం. నవ్వినందుకు చాలా రోజుల తర్వాత కాస్త ఆకలేసింది.

సంగతి నాకు అర్థమైనంత రాస్తాను. ఆ ఇంజను ఒకవైపే తిరుగుతుంది. చక్రాలు వెనక్కి తిరగాలంటే నడుమ ఇంకొక చిన్న గేరు దూర్చాలి. ముందుకు పోయే గేరూ వెనక్కి పోయే గేరూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. వాటి మధ్య ఒక ఉక్కు కప్పు అటూ ఇటూ జారుతుంది. అది ఏ గేరును పట్టుకుంటే బండి అటు కదులుతుంది. గేర్లు ఇరుసు మీంచి ఊడిపోకుండా చివర్న నొక్కి పెట్టే వంకీని సర్క్లిప్పు అంటారు. పట్టకారు కాస్త వంకరపోతే అది ఎగిరిపోతుంది. ఎగిరితే దొరకదు. అట్లా మూడు ఎగిరాయి. పొట్లంలో ఇంకా ఉన్నాయి కాబట్టి పని ఆగలేదు. కానీ ప్రతిసారీ నేలమీద పాకుతూ నేను వెతికింది సర్క్లిప్పును మాత్రమే కాదు. ఎగిరింది పట్టకారు తప్పా, చెయ్యి తప్పా అని తమ్ముడి మొహంలో కూడా వెతికాను. వాడు ఏమీ తెలియనివ్వలేదు.

కప్పును జరపడానికి ఒక బుల్లి మోటారు బిగించాలి. దానికి కిట్‌లో వచ్చిన కడ్డీ పొట్టిది. వంకర పళ్ళు సరిచేసే తీగ తెచ్చి, వంచి, అతికినట్టు చేశాడు. మోటారు కూర్చోవడానికి పీట కావాలంటే, కట్టుడుపళ్ళ చిగుళ్ళు పోసే గులాబిరంగు పొడి కలిపి పోశాడు. రెండో ఆదివారం చూడవచ్చిన కుర్రవాడు బండి పొట్టలోకి తొంగిచూసి, "సార్! దీనికి చిగుళ్ళు వచ్చాయి!" అని కుర్చీ పట్టుకుని నవ్వాడు. "పండ్లు కూడా వస్తాయి, ఆగు" అన్నాడు తమ్ముడు.

జూలై మొదటి వారంలో ఒక సాయంత్రం వాడు నా బల్ల దగ్గరికి వచ్చి ఒక గేరు నా ముందు పెట్టాడు. పనయ్యాక పళ్ళెంలో ఉన్నవి పనిముట్లు మరగబెట్టే డబ్బాలో వేసి మూత పెట్టడం ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆ రోజు పళ్ళెంలో ఉన్నవి రివర్సు గేర్లు. ఉక్కువి బాగానే ఉన్నాయి. నైలాన్ గేరు ఒకటి మాత్రం నీళ్ళు తాగి ఉబ్బింది, ఇరుసు మీదికి ఎక్కనంటోంది.

"చూడకుండానే వేసినా అక్కా" అన్నాడు. బేజారు పడుతున్నది గేరు కోసం కాదని తెలుస్తూనే ఉంది.

"నేనైనా వేసేదాన్నే, పళ్ళెంలో ఉంటే" అన్నాను. నేనైతే వెయ్యను. వేసేముందు లెక్కపెడతాను. అది ఇద్దరికీ తెలుసు.

మేడమీద నేను సండిగె వడియాలు పోసి ఎండబెట్టాను. ఆ గుడ్డ అంచున గేరు కూడా పెట్టాం. వాన జల్లు పడితే సండిగెల కన్నా ముందు గేరు కోసం పరుగెత్తాను. పది రోజులకు అది మళ్ళీ తన కొలతకు వచ్చింది. ఇరుసు మీద వేసి తిప్పితే తిరిగింది. ఆ పూట దేవుడి ముందు చక్కెర పెట్టాను. ఎందుకని వాడు అడగలేదు.

చివరి సర్క్లిప్పు జూలై 17, గురువారం మధ్యాహ్నం. అది గేరుపెట్టె అన్నిటికన్నా లోతులో, అద్దంలో తప్ప కనబడని చోట. అదొక్కటి కూర్చుంటే పని అయిపోయినట్టే. వాడు దీపం సర్దుకున్నాడు. ఉంగరం వేలు ఆనించాడు. మొదటిసారి జారింది. పట్టకారు బయటికి తీసి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పెట్టాడు. జారింది. ఎండ కిటికీ ఊచల నీడల్ని గోడమీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపింది. నేను వద్దనుకున్నా నా తలలో అంకెలు పడుతూనే ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల చేత ఎక్కాలు చెప్పించినదాన్ని. అంకె పడకుండా ఆపడం నాకు చేతకాదు. ఒకసారి వాడు కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని పని చేశాడు. నేను చూడనట్టు గోడవైపు తిరిగాను.

ఆఖరికి టిక్ మని చప్పుడైంది. వాడు పట్టకారు పళ్ళెంలో పెట్టాడు. ఒక్కటే చప్పుడు.

"కూర్చునింది" అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించకుండానే కాఫీగిన్నె దాని మీద పెట్టి ఏడ్చాను. సంతోషంతోనే అనుకున్నాను.

ఆదివారం పొద్దున వీధి చివరి ఖాళీ సైటులో పరీక్ష. కుర్రవాడు స్నేహితుడి కెమెరా కూడా తెచ్చాడు. ఆకుకూరల సొప్పు గంపతో వచ్చే ముసలమ్మ గంప దించి నిలబడింది. "ఏంది డాక్టరప్పా, మా పండ్లు చాలక దీనివి కూడా పీకినావా?"

"దీనికి పెట్టినానమ్మా, పీకలేదు."

రిమోట్ ఆన్ చెయ్యగానే బండి ముందు చక్రాలు గడగడ వణికాయి. నా కళ్ళు తమ్ముడి చేతి మీదికి పోయాయి. "బ్యాటరీ స్వల్ప తక్కువుండాది" అన్నాడు వాడు, నన్ను చూడకుండానే. బ్యాటరీలు మార్చాక వణుకు ఆగింది. ఇంజను కందిరీగల తుట్టెలా మోగింది. బండి ఎర్రమట్టి ఎగజిమ్ముకుంటూ పోయి, అవతలి కాంపౌండు గోడ దగ్గర ఆగింది.

"ఇప్పుడు చూడండప్పా. ముందు పూర్తిగా నిలపాల. చక్రం ఒక్క చుట్టు కూడా తిరగకూడదు. ఆమేలె, ఆగినాకనే, మీట." వాడు మీట నొక్కాడు. లోపల ఎక్కడో చిన్న టక్. బండి వెనక్కి కదిలింది. నడుచుకుంటూ పోయి తిప్పేవాళ్ళు లేకుండా, తనంతట తాను గోడను వదిలి, మా వైపు వెనక్కి వచ్చింది. కుర్రవాడు ఈల వేశాడు. ముసలమ్మ చేతులు చరిచింది. నాకు మాత్రం బుధవారం పదకొండు గంటలు కళ్ళముందు కదిలింది. అయినా ఆ క్షణంలో భయం సగమైంది. పెట్టగలిగితే తీస్తానన్నాడు, పెట్టాడు.

తర్వాత రిమోట్ కుర్రవాడి చేతికి పోయింది. తమ్ముడు దాన్ని ముసలమ్మ గంప మూత మీద పెట్టాడు, కుర్రవాడు మూత మీంచి తీసుకున్నాడు. ఉత్సాహంలో బండి పూర్తిగా ఆగకముందే మీట నొక్కేశాడు. ఇసుకలో రాయి నమిలినట్టు చప్పుడైంది. ఇంజను మోగుతూనే ఉంది, బండి కదల్లేదు.

"అయ్యో సార్, సారీ సార్! నెల రోజుల కష్టం!"

"ఏం కాలేదప్పా. గేరు పండ్లు పోయింటాయి. విప్పి వేరేది వేస్తే సరిపాయె." వాడి గొంతులో కోపం లేదు. బండిని ఎత్తి, మట్టి దులిపి, పెట్టెలో పెట్టించాడు. తర్వాత కుర్రవాడితో మామూలుగా, "బుధవారం నువ్వు రావద్దు. వేరే డాక్టరుకు చీటీ రాసిస్తా. మంచోడు, నాకన్నా చిన్నోడు. ఆయనే తీస్తాడు" అన్నాడు.

కుర్రవాడికి అర్థం కాలేదు. "గేర్ పాడుచేశాననా సార్?"

"ఛ, కాదు." నా వైపు తిరిగాడు. "అక్కా, ఆ చివరి క్లిప్పు ఎన్నోసారికి కూర్చునింది?"

నెల రోజులు నన్ను పక్కన ఎందుకు కూర్చోబెట్టాడో అప్పుడు అర్థమైంది. వాడు తన చేతిని నమ్మలేదు, తన జ్ఞాపకాన్నీ నమ్మలేదు. నా లెక్కను నమ్మాడు. రెండోసారికి అని చెప్పొచ్చు. చెబితే బోర్డు ఉంటుంది. పొద్దున్నే తెల్లకోటు వేసుకుని, మంచినీళ్ళు తాగి, పది గంటలకు తలుపు తీసే తమ్ముడు ఉంటాడు. సొప్పుల ముసలమ్మ కూడా నన్నే చూస్తోంది.

"పదకొండు" అన్నాను.

కుర్రవాడు తేలిగ్గా నవ్వాడు. "పదకొండైతే ఏమైంది సార్? మేం ఒక బగ్‌కి వంద సార్లు ట్రై చేస్తాం."

"బండి ఒప్పుకునింది కాబట్టి పెట్టినానప్పా. నీ నోట్లో నాకుండేది ఒక్కసారే" అన్నాడు తమ్ముడు. కుర్రవాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు. జేబులో కూడా అది కదులుతూనే ఉంది. ఈసారి కుర్రవాడు చూశాడు. నవ్వు ఆపేశాడు.

ఇంటికి నడుస్తూ నేను అన్నాను. "పెడితే తీస్తానంటివి కదరా?"

"అంటిని. పెట్టేదాకా నాకే తెలీదక్కా, నేను చూస్తా ఉండేది పెట్టినానా లేదా అని కాదని, ఎన్నిసార్లకు అని."

బుధవారం పదకొండు గంటలకు వాడు కుర్చీ ఖాళీగా ఉన్న గదిలో కూర్చుని, ఆ కొత్త డాక్టరుకు ఫోను చేసి, నరం ఏ వైపు నుంచి పోతుందో రెండుసార్లు చెప్పాడు. నెలాఖరుకు బోర్డు దించాడు. దించేటప్పుడు నిచ్చెన నేను పట్టుకున్నాను. బోర్డును నా చేతికి ఇవ్వలేదు. నిచ్చెన మెట్టు మీద ఆనించాడు, నేను తీసుకున్నాను. పెద్దాసుపత్రిలో చూపించుకున్నాక జబ్బు పేరు తెలిసింది. కొత్త గేరు వేశాక బండిని కుర్రవాడు తీసుకుపోనన్నాడు. "మీ దగ్గరే ఉండనీండి సార్" అన్నాడు. శనివారాలు వచ్చేవాడు. తమ్ముడు సైటు అంచున కుర్చీ వేసుకుని నోటితో చెబుతుంటే అతను నడిపేవాడు. "నిలుపు. ఇంగా తిరగతా ఉండాది. ఇప్పుడు నొక్కు." ఆ సైటులో పునాది తవ్వేదాకా ఆ శనివారాలు సాగాయి.

ఇక పోయినవి. సర్క్లిప్పులు మూడు, ఒకటి కోటు జేబులో దొరికింది కాబట్టి రెండు. రివర్సు గేరు ఒకటి, దానికి పళ్ళు నాలుగు. ఖాళీ సైటు ఒకటి, ఇప్పుడక్కడ ఐదంతస్తులు. ఇరవై ఆరేళ్ళ క్లినిక్ ఒకటి. తమ్ముడి కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి, తర్వాత మాట. తర్వాత తమ్ముడు. ఆ కుర్రవాడి కింది పెదవిలో స్పర్శ పోలేదు. అక్కడ సున్న.